గాయం మీద వెండి: నైట్రేట్ నీళ్ల నుంచి నానో పొర దాకా

వెండి గాయాన్ని మాన్పుతుందనడం సగమే నిజం. అది చేసేది సూక్ష్మజీవుల తాకిడిని తగ్గించడం, మానే పని శరీరానిది. అందులోనూ పనిచేసేది లోహపు వెండి కాదు, తడి తగిలితే దాని నుంచి వెలువడే అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువు. బ్యాక్టీరియా ఎంజైముల్లో గంధకం ఉన్నచోట అతుక్కుని శ్వాసక్రియను ఆపేస్తుంది, కణపొరను చెడగొడుతుంది. ఇన్నిచోట్ల దెబ్బ కొడుతుంది కనుక నిరోధకత అరుదు. అయినా 1970ల్లోనే బోస్టన్‌లో కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా బయటపడింది.

చిక్కంతా ఆ అయాన్ నిలవకపోవడంతోనే. రసిలోని క్లోరైడు, ప్రొటీన్లు దాన్ని పట్టేస్తాయి.

1880ల్లో జర్మన్ వైద్యుడు కార్ల్ క్రెడే నవజాత శిశువుల కళ్లకు ఇన్ఫెక్షన్ రాకుండా 2 శాతం సిల్వర్ నైట్రేట్ (నీళ్లలో కరిగే వెండి లవణం) చుక్కలు వేశారు. కాలిన గాయాలకు 0.5 శాతం ద్రావణాన్ని 1965లో అమెరికాలో కార్ల్ మోయర్ బృందం స్థిరపరిచింది. గాఢత పెరిగితే కణజాలమే దెబ్బతింటుంది. గాయం మీద కట్టిన మందపాటి గాజ్ గుడ్డను కొన్ని గంటలకోసారి తడుపుతూ ఉండాలి. దుప్పట్లు, నేల, నర్సుల చేతులు అన్నీ నల్లబడేవి. అంతకంటే ప్రమాదకరమైనది, ఉప్పులేని ఆ ద్రావణం ఒంట్లోని సోడియం, క్లోరైడులను లాగేయడం. రక్తపరీక్షలు మాటిమాటికీ చేయాల్సి వచ్చేది.

1968లో చార్లెస్ ఫాక్స్ 1 శాతం సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమును ప్రవేశపెట్టారు. నల్లమరకల బెడద తగ్గింది కానీ రోజుకు ఒకటి రెండుసార్లు పాత పూత కడిగి కొత్తది రాయాలి, ప్రతిసారీ నొప్పే. పైగా గాయం మీద చెక్కులాంటి పొర కట్టి, లోతెంతో తెలియకుండా చేస్తుంది. సల్ఫా రకం మందులు పడనివారికి, నవజాత శిశువులకు వాడకూడదు.

1990ల్లో వచ్చిన నానో స్ఫటికాల (అతిసూక్ష్మ వెండి స్ఫటికాల పొర ఉన్న) కట్టు అయాన్లను మెల్లగా వదులుతుంది. రకాన్ని బట్టి 3 నుంచి 7 రోజులు ఉంచవచ్చు. దీన్ని స్టెరైల్ నీళ్లతో తడపాలి, సెలైన్ (ఉప్పునీళ్లు)తో కాదు: అందులోని క్లోరైడు వెండిని సిల్వర్ క్లోరైడుగా మార్చి పనికిరాకుండా చేస్తుంది. చిన్నదే అనిపించినా తరచూ జరిగే పొరపాటు ఇదే. రసి బాగా కారే పుండుకు వెండి కలిపిన ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసిన పీచు) లేదా ఫోమ్ (స్పాంజిలాంటి) కట్టు నయం.

శుభ్రంగా ఉన్న గాయానికి వెండి అక్కర్లేదు, చర్మకణాలకూ అది విషమే. 2009లో బ్రిటన్‌లో జరిగిన వల్కన్ పరీక్షలో, కాలి సిరల పుండ్లు 12 వారాలకు మానిన తీరులో వెండి కట్టుకూ మామూలు కట్టుకూ తేడా కనిపించలేదు. అందుకే 2012 అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం రెండు వారాల గడువు పెట్టింది: ఇన్ఫెక్షన్ లక్షణాలు పోతే ఆపేయాలి, గాయం తేరుకుంటున్నా ఆ లక్షణాలు మిగిలి ఉంటే కొనసాగించవచ్చు, మార్పే లేకపోతే గాయాన్ని మళ్లీ మొదటినుంచి పరిశీలించాలి.