బురద, పేను, ఐదు రోజుల జ్వరం

1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని కాల్చి చంపారు. సరిగ్గా నెల తిరిగేసరికి ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. మరో వారానికల్లా రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. ఇలా మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం కథంతా స్కూల్లో చదువుకున్నదే కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. ఆ చలికాలానికల్లా లక్షలమంది గోతులు తవ్వుకుని అందులో ఎందుకు దాక్కున్నారు, అక్కడ వాళ్ల ఒంటికి ఏమైంది అన్నది అంతకన్నా ఆసక్తికరమైన సంగతి.

గోతుల్లోకి దించింది ఆయుధాలే. నిమిషానికి దాదాపు 500 తూటాలు కక్కే మెషిన్ గన్ ముందు పొలంలో నిటారుగా నడిచే మనిషికి బతికే దారి లేదు. పైన పేలి ఇనుప గుళ్లు కురిపించే ఫిరంగి గుండ్లు సరేసరి. సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని మార్న్ నది దగ్గర జర్మన్లు ఆగిపోయాక, రెండు పక్షాలూ ఎదుటివాణ్ణి చుట్టుముట్టాలని ఉత్తరానికి జరుగుతూ పోయాయి. చివరికి సముద్రం అడ్డొచ్చింది. అప్పటికి స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా సుమారు 700 కిలోమీటర్ల పొడవున కందకాలు తయారయ్యాయి.

పాత ఫొటోల్లో ఆ కందకాలు వంకరటింకరగా కనిపిస్తాయి. కావాలనే అలా తవ్వారు. తిన్నగా ఉంటే ఒక గుండు పేలిన దెబ్బ చాలా దూరం పాకుతుంది. పైగా శత్రువు ఒక్కడు లోపలికి దూరాడంటే ఆ చివరి దాకా ఉన్నవాళ్లందర్నీ వరసగా కాల్చేస్తాడు. కొన్ని మీటర్లకో మలుపు ఉంటే నష్టం ఆ ముక్కతో ఆగుతుంది.

తూటాల సంగతి సరే, నీళ్లతో వేగడం ఎవరి వల్లా కాలేదు. బెల్జియంలోని ఫ్లాండర్స్ నేల జిగట బంకమన్ను. వాన నీరు కిందికి ఇంకదు, కొన్నిచోట్ల కాస్త తవ్వితే చాలు ఊట పైకొస్తుంది. అక్కడి రైతులు తరాల తరబడి కాలువలు తీసి ఆ నీటిని మళ్లించుకున్నారు. ఫిరంగులు ఆ కాలువల్ని ఛిద్రం చేశాయి. దాంతో సైనికులు రోజుల తరబడి మోకాళ్ల లోతు చన్నీళ్లలో నిలబడ్డారు.

ఇక్కడే వైద్యపరంగా ఒక విచిత్రం ఉంది. కాలు పాడవడానికి నీరు గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. పది డిగ్రీల నీళ్లయినా గంటల తరబడి నానితే చాలు. ఒంట్లో వేడి పోకుండా కాపాడుకోవాలని శరీరం పాదాల్లోని రక్తనాళాల్ని బిగించేస్తుంది. రక్తం అందక నరాలు, కండరాలు దెబ్బతింటాయి. బిగుతు బూట్లు, పిక్కల చుట్టూ బిగించిన పట్టీలు, కదలకుండా నిలబడటం ఇంకా చేటు చేస్తాయి. మొదట్లో నొప్పే తెలియదు, పాదం తెల్లగా పాలిపోయి మొద్దుబారుతుంది. అసలు నరకం కాలు వెచ్చబడ్డాక మొదలవుతుంది. వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మంట. ముదిరితే కుళ్లి, వేళ్లో పాదమో తీసేయాల్సి వస్తుంది. దీనికి ‘ట్రెంచ్ ఫుట్’ (కందకపు పాదం) అని పేరు పెట్టారు. మొదటి చలికాలంలోనే బ్రిటిష్ సైన్యంలో సుమారు 20,000 మంది దీని బారిన పడ్డారు.

ఆ సైన్యంలో మనవాళ్లూ ఉన్నారు. లాహోర్, మీరట్ డివిజన్లు ఆ శరత్కాలంలోనే ఫ్రాన్స్‌లోని మార్సేల్స్ రేవులో దిగాయి. ఒంటి మీద పల్చటి నూలు ఖాకీ, వెచ్చటి బట్టలు ఆలస్యంగా అందాయి. వీరిలో పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలే ఎక్కువ. తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికి యుద్ధం వేరే దారిన వచ్చింది. సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకుల్ని పేల్చిపోయింది.

ట్రెంచ్ ఫుట్‌కి మందు దొరకలేదు, క్రమశిక్షణ దొరికింది. రోజూ సాక్స్ మార్చాలి, ఇద్దరిద్దరు జతగా ఒకరి పాదాలు ఒకరు రుద్దాలి, ఆఫీసరు స్వయంగా పాదాలు తనిఖీ చేయాలి. తిమింగలం నూనె కూడా పూశారు. నా మటుకు, నూనె కన్నా పొడి సాక్స్‌లు, నేల మీద పరిచిన చెక్కలు, కొద్ది రోజులకోసారి మనుషుల్ని వెనక్కి పంపడమే ఎక్కువ పనిచేశాయనిపిస్తుంది.

పేల దగ్గర మాత్రం క్రమశిక్షణ కూడా ఓడిపోయింది. ఇవి తలలో పేలు కావు, బట్టల కుట్లలో ఉండి రక్తం తాగడానికి మాత్రమే ఒంటి మీదికి వస్తాయి. వెనక్కి వెళ్లినప్పుడు స్నానం చేయించి, బట్టలు ఆవిరి పట్టించేవారు. అయినా కుట్లలో మిగిలిన ఈపులు, చొక్కా తొడుక్కుని ఒళ్లు వెచ్చబడగానే పొదిగి పిల్లలయ్యేవి. మనూళ్లలో మధ్యాహ్నం అరుగు మీద చేరి పేలు చూసుకున్నట్టే, తీరిక దొరికితే సైనికులు చొక్కాలు విప్పి గుంపుగా కూర్చునేవారు. కొవ్వొత్తి మంటని కుట్టు వెంబడి నడిపితే ఈపులు చిటపటమని పేలేవి. మంట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే చొక్కాకే చిల్లు.

1915లో డాక్టర్లకు ఒక కొత్త జ్వరం తగిలింది, అదే ‘ట్రెంచ్ ఫీవర్’. ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోవడం, తలనొప్పి, ముంగాలి ఎముకల్లో భరించలేని పోటు. తగ్గిందనుకున్న ఐదారు రోజులకు మళ్లీ తిరగబెట్టేది. ప్రాణం తీయడం అరుదే కానీ మనిషిని వారాలు, ఒక్కోసారి నెలలు మంచాన పడేసేది. లక్షలమందికి వచ్చింది. పేల పని అని అనుమానం ఉన్నా, 1918లో గానీ తేలలేదు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ల మీద పరీక్షించి చూస్తే, జబ్బు ఎక్కువగా అంటించేది పేను కాటు కాదు, దాని విసర్జన అని బయటపడింది. దురదకి గోకినప్పుడు అది గాట్లలోంచి లోపలికి పోతుంది. అంటే సైనికుడు తన గోళ్లతోనే జబ్బుని ఎక్కించుకున్నాడన్నమాట.

కారణమైన బ్యాక్టీరియాని ఇప్పుడు బార్టొనెల్లా క్వింటానా అంటున్నారు. లిథువేనియాలోని విల్నియస్‌లో బయటపడ్డ ఒక సామూహిక సమాధిలో, 1812లో రష్యా నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సైనికుల పళ్లలో దాని డీఎన్ఏ దొరికింది. కాబట్టి ఇది 1915లో పుట్టిన జబ్బు కాదు, డాక్టర్ల కంట పడింది అప్పుడు. 1990లలో అమెరికాలోని సియాటిల్లో, ఫ్రాన్స్‌లోని మార్సేల్స్‌లో ఇల్లూ వాకిలీ లేక వీధుల్లో బతికేవాళ్లలో అదే మళ్లీ కనిపించింది. ఇప్పుడు డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వారాల తరబడి ఇస్తారు. వాటితోపాటు బట్టలు మార్పించి, పాతవి వేడినీళ్లలో ఉతికించాలి. లేకపోతే పేలు మళ్లీ పట్టుకుంటాయి.