మామయ్య ల్యాప్‌టాప్‌లో మూడు యాంటీవైరస్‌లు ఎలా చేరాయి

సంక్రాంతికి ఊరెళ్తే మామయ్య తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుందిరా, దీనికి తేలికైన యాంటీవైరస్ ఏదైనా చెప్పు" అన్నాడు. నాలుగు జీబీ ర్యామ్, విండోస్ 10, పాతకాలం హార్డ్ డిస్క్. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోయింది. లోపల చూస్తే మూడు యాంటీవైరస్‌లు: కొన్నప్పుడే వచ్చి ఎప్పుడో గడువు తీరిపోయిన ట్రయల్ ఒకటి, రిపేరుకిచ్చినప్పుడు షాపులో వేసింది ఇంకొకటి, ఫ్రీ అని మా బావ డౌన్‌లోడ్ చేసి పెట్టింది మూడోది. ఏ ఫైలు తెరిచినా ముందు మేము చూడాలి అని అన్నీ అడ్డం పడుతుంటే పాపం ఆ డిస్క్ ఏం చేస్తుంది.

మామయ్యని తప్పుపట్టను. ఆ భయం ఊరికే పుట్టలేదు, దాని వెనక 40 ఏళ్ల చరిత్ర ఉంది.

పీసీలకి మొదటి వైరస్‌గా చెప్పుకునే బ్రెయిన్ 1986లో లాహోర్ నుంచి వచ్చింది. రాసిన అన్నదమ్ములిద్దరూ అందులో తమ అడ్రసు, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. అది ఫ్లాపీలో కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదివే భాగంలో (బూట్ సెక్టార్) కూర్చుని, ఆ ఫ్లాపీ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లేది. అప్పటి కంప్యూటర్‌కి సొంత రక్షణ అంటూ ఏమీ లేదు కాబట్టి బయటి నుంచి ఒక కాపలాదారుని తెచ్చి పెట్టుకోవాల్సిందే. మన దగ్గర పుణెలో కాలిక్యులేటర్ల రిపేరుతో మొదలైన ఒక చిన్న షాపు 1990ల్లో క్విక్ హీల్ యాంటీవైరస్ తయారుచేసింది కూడా ఆ అవసరం కోసమే.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ వచ్చినప్పుడు మీరు ఏదీ క్లిక్ చేయక్కర్లేదు, నెట్ కనెక్ట్ చేస్తే చాలు, 60 సెకన్లలో షట్‌డౌన్ అవుతుందని తెర మీద లెక్క మొదలయ్యేది. అది దూరిన లోపాన్ని పూడ్చే అప్‌డేట్ (ప్యాచ్) జులైలోనే వచ్చింది, వేసుకోని వాళ్లే దొరికిపోయారు. ఎక్స్‌పీలో నెట్ నుంచి చొరబడేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఉంది కానీ మొదట్లో అది ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చాకే దాన్ని దానంతట అదే ఆన్ అయ్యేలా చేశారు. పైగా ఇంట్లో అందరిదీ ఏదైనా మార్చే హక్కున్న అడ్మిన్ అకౌంటే, లోపలికి వచ్చిన ప్రోగ్రామ్‌కి ఇల్లంతా సొంతం.

ఇక మన తరానికి బాగా గుర్తుండేది పెన్‌డ్రైవ్. నెట్ సెంటర్‌లో హాల్ టికెట్ ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగిలేవి. నాకు మొదటిసారి అలా అయినప్పుడు అక్క పెళ్లి ఫోటోలు పోయాయనుకుని ఎంత టెన్షన్ పడ్డానో. నిజానికి ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టింది, అంతే. షార్ట్‌కట్ నొక్కితే వెనకాల వైరస్ నడిచేది, ఎవరికీ అనుమానం రాకుండా అసలు ఫోల్డర్ కూడా తెరుచుకునేది. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్ కొట్టి ఫోల్డర్లని బయటికి తెచ్చుకోవడం అప్పట్లో హాస్టల్లో ఒక పెద్ద విద్య. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే నడిచే ఆటోరన్‌ని విండోస్ 7లో తీసేశారు, పాత విండోస్‌లకి కూడా 2011లో అప్‌డేట్‌గా ఆపేశారు. ఒక పెద్ద దారి అలా మూసుకుపోయింది.

నా ఉద్దేశంలో అసలు మలుపు 2012. అంతకు మూడేళ్ల ముందు మైక్రోసాఫ్ట్ ఉచితంగా సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే యాంటీవైరస్ ఇచ్చింది, కానీ దాన్ని విడిగా వేసుకోవాలి. విండోస్ 8తో డిఫెండర్ పేరు మీద పూర్తి యాంటీవైరస్ లోపలే వచ్చేసింది. మొదట్లో అది బలహీనమే, పరీక్షల్లో వెనకపడేది, ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. కానీ 2018, 2019 నాటికి ఏవీ-టెస్ట్ అనే సంస్థ పెట్టే పరీక్షల్లో రక్షణకి పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఫ్రీ యాంటీవైరస్‌ల కథ ఇంకోలా నడిచింది. డబ్బు ఎక్కడో ఒకచోట రావాలి కదా, పాపప్‌లు, అక్కర్లేని క్లీనర్లు వచ్చి చేరాయి. అవాస్ట్ అయితే వాడేవాళ్ల బ్రౌజింగ్ సమాచారాన్ని అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మిందని 2020లో బయటపడింది, జంప్‌షాట్‌నే మూసేయాల్సి వచ్చింది. కాపలాకి పెట్టుకున్నదే మన ఇంటి సంగతులు బయట అమ్మితే ఏమనాలి?

2017 మేలో వచ్చిన, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై కూడా పాత పాఠమే మళ్లీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, అప్‌డేట్ చేసిన మిషన్ల జోలికి అది అలా పోలేకపోయింది. ఇంకో సంగతి, ఇప్పుడు దొంగ చాలాసార్లు ఫోన్ చేసి వస్తున్నాడు. బ్యాంకు నుంచి అని చెప్పి దూరం నుంచి మన తెరని నడిపించే ఎనీడెస్క్ యాప్ వేయించి ఖాతా ఊడ్చేసే మోసం గురించి ఆర్‌బీఐ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మన చేత్తో మనమే తలుపు తీశాక ఎన్ని యాంటీవైరస్‌లుంటే ఏం లాభం.

అందుకే మామయ్యకి కొత్తది ఏదీ వేయలేదు. మూడూ తీసేసి రీస్టార్ట్ చేశాను, వేరే యాంటీవైరస్ ఉందని ఇన్నాళ్లూ పక్కకి తప్పుకుని ఉన్న డిఫెండర్ దానంతట అదే మేలుకుంది. రోజూ వాడటానికి మామూలు అకౌంట్ ఒకటి చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ అత్తయ్య డైరీలో రాయించాను. బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ వేసి, ఫోటోలన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్‌ని బీరువాలో పెట్టించాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కాబట్టి, ఇంకో ఏడాది వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో కూడా చేర్పించాను. ఈలోగా హార్డ్ డిస్క్ తీసేసి దానికంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయిద్దాం అన్నాను. "ముందు అది ఎంతవుతుందో కనుక్కో" అన్నాడు మామయ్య.