పడకల లెక్క నుంచి మనుషుల లెక్క దాకా

1984లో అమెరికా గృహనిర్మాణ శాఖ ఒక అంకె బయటపెట్టింది. దేశంలో ఇల్లు లేకుండా బతుకుతున్నవాళ్లు 2.5 లక్షల నుంచి 3.5 లక్షల మంది అని. వాషింగ్టన్‌లో వాళ్ల తరఫున పోరాడుతున్న మిచ్ స్నైడర్ మాత్రం 20 నుంచి 30 లక్షలు అంటూ వచ్చారు. తేడా వేలల్లో కాదు, దాదాపు పదింతలు. పైగా తన అంకెకు శాస్త్రీయమైన ఆధారం లేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. అడిగేవాళ్లు వదలకుండా అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చింది, అంతే. ఎంతమంది ఉన్నారో తెలియని చోట, వాళ్ల కోసం పెట్టిన పథకం పనిచేసిందా లేదా అని ఎవరు మాత్రం ఏం తేల్చగలరు?

1987లో ఇల్లు లేనివాళ్ల సాయం కోసం మెకిన్నీ చట్టం వచ్చి కేంద్రం నుంచి పెద్ద ఎత్తున డబ్బు రావడం మొదలైంది. అప్పట్లో లెక్క చెప్పడమంటే ఎన్ని పడకలు వేశాం, ఎంతమందికి భోజనం పెట్టాం అనే. ఆ మనిషి రేపు ఎక్కడ పడుకుంటాడన్నది ఎవరి ఫారంలోనూ లేదు. 1990 జనగణనలో మార్చి 20 రాత్రి సిబ్బంది ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్లకీ వీధుల్లోకీ వెళ్లి సుమారు 2.28 లక్షల మందిని లెక్కపెట్టారు, అయితే ఇది మొత్తం సంఖ్య కాదని జనగణన శాఖే చెప్పింది. చాలామంది మాత్రం దాన్నే మొత్తం సంఖ్యగా వాడేశారు.

అసలు మలుపు ఎవరూ పట్టించుకోని చోటు నుంచి వచ్చింది, షెల్టర్ల రిజిస్టర్లలోంచి. న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల్లో షెల్టర్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నది అప్పటికే కంప్యూటర్లలో ఉంది. డెనిస్ కల్హేన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒకే మనిషి పదిసార్లు వచ్చినా ఒకసారే లెక్కకు వచ్చేలా ఆ రికార్డులను కలిపి చూశారు. న్యూయార్క్‌లో ఏ ఒక్క రాత్రి చూసినా షెల్టర్లలో ఉండేది నగర జనాభాలో అరశాతం లోపే, కానీ ఐదేళ్ల మీద చూస్తే 3 శాతానికి పైగా జనం ఎప్పుడో ఒకప్పుడు అక్కడ తలదాచుకున్నవాళ్లే. అంటే మనం ఒక గుంపు అనుకున్నది నిజానికి ఒక ప్రవాహం.

1998లో కల్హేన్, రాండల్ కూన్ అనే మరో పరిశోధకుడు కలిసి రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకు వేసింది. షెల్టర్‌కి ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లలో దాదాపు 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్లిపోతారు, ఓ 10 శాతం వస్తూ పోతూ ఉంటారు, మిగతా 10 శాతం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతారు. షెల్టర్లలో గడిచిన మొత్తం రోజుల్లో దాదాపు సగం ఈ చివరి 10 శాతం మందివే! ఇది చూశాక అందరికీ ఒకే మందు వేయడం కుదరదని అర్థమైంది.

తర్వాత ఖర్చు లెక్క వచ్చింది, నా ఉద్దేశంలో ఈ చరిత్రలో అందరూ ఎక్కువగా తప్పుగా చెప్పేది ఇదే. తీవ్రమైన మానసిక జబ్బుతో వీధిన పడ్డ 4,679 మందికి న్యూయార్క్‌లో సహాయ సేవలతో కూడిన ఇళ్లిచ్చారు. 2002లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఇల్లు ఇవ్వకముందు ఆస్పత్రులు, జైళ్లు, షెల్టర్లు కలిపి ఒక్కొక్కరి మీద ఏడాదికి దాదాపు 40,000 డాలర్లు ఖర్చయ్యేది. ఇచ్చాక అందులో సుమారు 16,000 తగ్గింది. ఇంటికయ్యే ఖర్చేమో 17,000 పైచిలుకు. అంటే దాదాపు సరికి సరి, కానీ మిగులు లేదు. "ఇల్లిస్తే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది" అని ప్రచారం చేసినవాళ్లు ఆ చివరి తీసివేత చూడలేదో, చూసీ ఊరుకున్నారో! పైగా అది అత్యంత ఖరీదైన రోగుల లెక్క, దాన్ని తెచ్చి ఉద్యోగం పోయి అద్దె కట్టలేకపోయిన కుటుంబానికి అంటగడితే ఎలా?

2001లో కాంగ్రెస్ ప్రతి ఊరూ మనుషుల వారీగా లెక్క రాయాలని అడిగింది, 2004లో అందుకు ప్రమాణాలు వచ్చాయి, 2007లో మొదటి వార్షిక నివేదిక. 2009 చట్టంతో ప్రశ్నలే మారిపోయాయి: ఎంతకాలం ఇల్లు లేకుండా ఉన్నారు, సొంత గూటికి ఎంతమంది వెళ్లారు, వెళ్లినవాళ్లలో రెండేళ్లలోపు ఎంతమంది తిరిగొచ్చారు. మంచి ప్రశ్నలే. చిక్కల్లా జవాబులు రాసే దగ్గర. షెల్టర్‌లోంచి చెప్పకుండా వెళ్లిపోయిన మనిషికి ఇల్లు దొరికిందా, వంతెన కిందికి చేరాడా? ఫారంలో "తెలియదు" అని పడుతుంది. తిరిగొచ్చినవాళ్ల లెక్క కూడా అదే ఊరి షెల్టర్‌కి వస్తేనే కనిపిస్తుంది, పక్క రాష్ట్రానికి పోతే ఆ పథకం గెలిచినట్టే.

యూటా రాష్ట్రం కథ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. దీర్ఘకాలంగా ఇల్లు లేనివాళ్లు 2005లో 1,932 మంది, 2015కి 178 మంది, 91 శాతం తగ్గుదల అని దేశమంతా మారుమోగింది. పాత అంకె ఒక రాత్రి లెక్కను ఏడాదికి పెంచి వేసింది, కొత్తది ఉన్నదున్నట్టు ఒక రాత్రిది. కొలబద్ద మారింది మరి. నిజంగానే ఇళ్లిచ్చారు, నిజంగానే కొంత తగ్గింది, కానీ 91 శాతం కాదు.

ఇక 2024 జనవరి లెక్కలో దేశం మొత్తం మీద 7,71,480 మంది తేలారు, అంతకుముందు ఏడాది కంటే 18 శాతం ఎక్కువ. పథకాలన్నీ దండగ అని అరిచేవాళ్లకు ఈ అంకె చాలు. వాళ్లు లాస్ ఏంజెలెస్ కౌంటీ 2020లో చెప్పిన రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి: సగటున రోజుకు 207 మంది వీధి జీవితం నుంచి బయటపడుతున్నారు, అదే రోజు 227 మంది కొత్తగా వీధిన పడుతున్నారు. ఆ 207 మందిని బయటికి తెచ్చిన పథకాన్ని కొత్తగా వీధిన పడ్డ 227 మంది లెక్కతో కొలుస్తున్నాం.