‘ఇవాళ వదిలేస్తే రేపు నెత్తికెక్కుతుంది’: గుర్రాల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన మంగళవారం రాత్రి పదింటికి ఫోన్. "మేడమ్, గుర్రాన్ని అమ్మేద్దామనుకుంటున్నాను. కొనేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి." ఆయనది కొండాపూర్. పందేల నుంచి బయటికొచ్చిన ఆరేళ్ళ గుర్రాన్ని కూతురి కోసం కొన్నారు. ఎనిమిది నెలలైంది. డిసెంబరు పోటీల్లో పాప 80 సెంటీమీటర్ల జంపింగ్ చేయాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. గుర్రమేమో రెండో కర్ర దగ్గరికి రాగానే ఆగిపోతోంది. కొట్టి చూశారు. నోట్లో పెట్టే ఇనుప కడ్డీ (బిట్) మార్చి ఇంకా గట్టిది వేశారు. ఇప్పుడు జీను కనబడితే చాలు, చెవులు వెనక్కి పెట్టి గోడవైపు తిరిగిపోతోందట. "మొండిది మేడమ్. ఒక్కసారి వదిలేస్తే ఇక మాట వినదని అందరూ చెప్పారు. అందుకే వదల్లేదు."

ఈ నెలలో ఇలాంటి ఫోన్ ఇది మూడోది. మొయినాబాద్ వైపు లాయాల్లో నేను రైడింగ్ నేర్పబట్టి పద్దెనిమిదేళ్ళు. గుర్రాలు మారాయి, మనుషులు మారారు, ఈ మాట మాత్రం మారలేదు. గుర్రం కొన్నవాళ్ళను దీనంత నష్టపెట్టే మాట ఇంకోటి లేదు కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం. మిగతావి తర్వాత, గబగబా.

అపోహ: అది మొండిది. ఇవాళ మనం వదిలేస్తే అది గెలిచినట్టే.

రేపు ఈ పాపను ఎలా ఏడిపించాలా అని రాత్రంతా పథకాలు వేసే జంతువు కాదు గుర్రం. దాని జ్ఞాపకశక్తి గట్టిది. భయపడిన చోటును ఏళ్ళు గడిచినా మర్చిపోదు. కక్ష, పంతం, పరువు మాత్రం మనం దానికి అంటగట్టినవే.

ఈ అపోహలో ఇసుమంత నిజముంది. ఇన్నాళ్ళు బతికింది అందుకే. పగ్గం లాగితే గుర్రం ఎందుకు ఆగుతుంది? ఆగిన వెంటనే మనం పగ్గం వదులు చేస్తామని దానికి తెలుసు. కాలితో నొక్కితే కదిలేదీ అందుకే. పట్టు విడుపు అంటాం కదా, గుర్రానికి పాఠమంతా ఆ విడుపులోనే ఉంది. అది వెనక్కి తిరిగి పరుగు తీసిన క్షణంలోనే మీరు పగ్గం వదిలేసి దిగిపోతే, పరుగు తీస్తే పని తప్పుతుందని నేర్చుకుంటుంది. అంతవరకు నిజం. అయితే దానికి విరుగుడు అరగంట కొట్లాట కాదు. 80 దగ్గర ఆగిందా, కర్రను నేల మీద పెట్టండి. నడకలో దాటించండి. దాటగానే పగ్గం వదులు చేసి, మెడ నిమిరి, దిగండి. ఆ రోజుకు చాలు. మీరు లక్ష్యం తగ్గించారన్న సంగతి గుర్రానికి తెలియదు. అడిగింది చేసింది, హాయి దొరికింది, అదే గుర్తుంటుంది.

అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్నే ఎవరూ అడగరు. ఎక్కడ నొప్పి?

నోరు తెరిచి చూపించండి. గుర్రం పళ్ళు జీవితాంతం పైకి వస్తూనే ఉంటాయి, నమిలిన కొద్దీ అరుగుతాయి. పై దవడ పళ్ళకు బయటి అంచు, కింది వాటికి లోపలి అంచు కత్తిలా తేలతాయి. బుగ్గ కోసుకుపోయిన గుర్రానికి గట్టి బిట్ వేస్తే తల ఎగరేయక ఏం చేస్తుంది? ఏడాదికి ఒక్కసారైనా డాక్టర్‌తో అంచులు రాయించాలి.

తర్వాత కడుపు. మనకు అన్నం తిన్నప్పుడు ఎక్కువగా ఊరే ఆమ్లం గుర్రం కడుపులో రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. పచ్చికలో వదిలితే రోజుకు పదహారు గంటల దాకా మేసే జంతువు అది. పందెం లాయంలో దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, ఖాళీ కడుపుతో పరుగు ఎక్కువ. పందెం గుర్రాల్లో ఎక్కువ భాగానికి కడుపులో పుండ్లు ఉంటాయి. జీను పట్టీ బిగిస్తుంటే కరవబోయే గుర్రాన్ని ‘పొగరు’ అనేముందు డాక్టర్‌తో ఎండోస్కోపీ మాట ఎత్తండి. మందుంది, నయమవుతుంది. మన ఎసిడిటీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. ఎక్కే అరగంట ముందు నాలుగు గుప్పిళ్ళ లూసర్న్ గడ్డి పెడితే కడుపులో ఆమ్లం పైకి చిమ్మకుండా అడ్డుపడుతుంది. ఖర్చు లేని పని ఇది.

జీను సంగతి మరీ దారుణం. పందెం ఆపిన గుర్రం ఆరు నెలల్లో ఆకారం మారిపోతుంది. కొన్నప్పుడు సరిపోయిన జీను ఇప్పుడు మూపు దగ్గర నొక్కుతుంది. అదే జీనుతో, అదే పట్టుతో జంప్ చేయిస్తాం. ఇక గిట్టల నాడాలు అయిదారు వారాలకోసారి మార్చాలని తెలిసినా, వాటిని వేసే నాల్‌బంద్ రాలేదని పదో వారం దాకా లాగేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు.

బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో ఒక పట్టిక ప్రచురించింది. మనిషి ఎక్కి ఉన్నప్పుడు గమనించాల్సిన 24 ప్రవర్తనలు అందులో ఉన్నాయి: చెవులు అయిదు సెకన్లకు మించి వెనక్కి అంటుకుని ఉండటం, నోరు తెరిచి ఉంచడం, తోక పదేపదే విసరడం, ముందుకు పోకుండా ఆగిపోవడం, ఇలాంటివి. 8 గానీ అంతకు మించి గానీ కనబడితే కాళ్ళల్లోనో వెన్నులోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. మనం ‘మొండి’ అని పిలిచే లక్షణాలు దాదాపు అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు నేను కొట్టించిన గుర్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

నొప్పి లేదని తేలాక దాని పాత ఉద్యోగం చూడాలి. మలక్‌పేట రేస్‌కోర్సులోనైనా ఇంకెక్కడైనా జాకీని నడుస్తున్న గుర్రం మీదికే ఎత్తి కూర్చోబెడతారు. అలాంటి గుర్రం మీరు రికాబులో కాలు పెడుతుంటే నిలబడలేదని తిట్టి ఏం లాభం? పందెంలో పగ్గం బిగుసుకుంటే దాన్ని ఆనుకుని ఇంకా వేగంగా పొమ్మని అర్థం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయంతో పగ్గం బిగిస్తారు, గుర్రం చెప్పినట్టే పరుగు తీస్తుంది, పైనున్నవాళ్ళు మట్టి కరుస్తారు. అది మాట వినడమే. మనమే తప్పు మాట చెప్పాం. ఇవన్నీ నేర్పితే మారతాయి, నెలలు పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కొంత మిగులుతుంది. అది ఆ గుర్రం తత్వం. ఇక్కడే మా చాందినీ గురించి చెప్పాలి.

అయిదేళ్ళ వయసులో పందేల నుంచి నా దగ్గరికి వచ్చింది. ఎర్రగోధుమ రంగు, నుదుటి మీద వంకర చుక్క. లాయంలో మీటరు ఎత్తు కర్రలను నల్లేరు మీద నడకలా దాటేది. దానితో ఒక్క పోటీలోనైనా గెలుపు రిబ్బన్ కొట్టాలని నా పట్టుదల. రిబ్బన్ తగిలించడానికి గదిలో ముందే మేకు కొట్టి పెట్టుకున్నాను. కానీ పోటీ మైదానంలో జెండాలు రెపరెపలాడితే చాలు, కాళ్ళు నేలకు పాతుకుపోయేవి. పళ్ళు చూపించాం, పుండ్లకు మందు వాడాం, జీను మార్చాం. రెండేళ్ళు గడిచాయి. చివరిసారి మైదానంలో నా మోకాలి కింద దాని భుజం మీది చర్మం, ఈగ వాలినప్పుడు ఆడినట్టు ఆగకుండా వణుకుతోంది. పిక్కలకు దాని గుండె దడ తెలుస్తోంది. అప్పటికీ నేను మడమ నొక్కుతూనే ఉన్నాను. గుర్రాలను చూసుకునే మా సైసు భాయ్ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆ సాయంత్రం లారీ ఎక్కిస్తూ అన్నాడు: "మేడమ్, పొద్దున మనింటి దగ్గర మీరు అడిగిందంతా చేస్తోంది కదా. ఇక్కడికే ఎందుకు తీసుకొస్తారు?"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత పోటీల మాట మానేశాను. ఏడ్చాను కూడా. ఇంతకాలం కన్న కల వదులుకోవడం ఆషామాషీ కాదు. అలా వదులుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ బాధ నాకు తెలుసు. ఆ మేకుకు ఇప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది.

చాందినీకి ఇప్పటికీ అలవాట్లు పోలేదు. నీళ్ళ బకెట్‌లో ముందు ముక్కు ముంచి సగం ఒలకబోస్తే గానీ తాగదు. వేపచెట్టు నీడలో ఉన్న గేటు దగ్గర రోజూ ఆగుతుంది. వెలుగులోంచి నీడలోకి పోయేటప్పుడు గుర్రం కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. తల దించి, నేల వాసన చూసి, రెండుసార్లు ‘ఫుర్ర్’మని ఊది, తనే నడుస్తుంది. అరనిమిషం పని. ఆ అరనిమిషం ఇవ్వకుండా మడమ కొడితే పావుగంట పోతుంది. సంక్రాంతి మూడు రోజులు పతంగులు లేవకముందే, తెల్లవారుజామునే చేత్తో పట్టుకుని నడిపిస్తాం, సవారీ ఉండదు. మిగతా ఏడాదంతా గుర్రమంటే భయంతో ప్రాణం పోయే పెద్దవాళ్ళను ఎక్కించేది దాని మీదే. రాయిలా నిలబడుతుంది.

అన్నీ ఒప్పుకోమని చెప్పడం లేదు. కరవడం, తన్నడం, ముందుకాళ్ళు ఎత్తి నిట్టనిలువుగా లేవడం అలవాట్ల కింద సర్దుకుపోయేవి కావు. డాక్టర్, ఆ తర్వాత అనుభవమున్న ట్రైనర్. ఈలోగా పిల్లలను ఎక్కించకండి.

ఇక మిగతావి.

అపోహ: ఫలానా చోట సుడి ఉంటే గుర్రం అచ్చిరాదు. సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, అంతే. నుదుటి సుడి చూసి బంగారం లాంటి గుర్రాన్ని వద్దని, శుభ సుడి అని కుంటిదాన్ని కొన్నవాళ్ళను చూశాను. కాళ్ళు చూడండి, పళ్ళు చూడండి, కొనేముందు మీ సొంత డాక్టర్‌తో పరీక్ష చేయించండి.

అపోహ: చెక్క కొరుకుతూ గాలి పీల్చే గుర్రాన్ని చూసి పక్క గుర్రాలూ నేర్చుకుంటాయి. చూసి నేర్చుకోవడం కాదు, ఒకే లాయంలో ఒకే తిండి, ఒకే ఒంటరితనం ఉంటే నాలుగింటికీ రావచ్చు. మెడకు పట్టీ కడితే పైకి కనబడేది ఆగుతుంది, కారణం అలాగే ఉంటుంది. గడ్డి పెంచండి, తోడు చూపించండి, బయట తిప్పండి. అయినా పోకపోతే అదొక అలవాటనుకుని ఊరుకోండి.

అపోహ: దూకుడు తగ్గాలంటే తిండి తగ్గించాలి. ఉలవలు, దాణా తగ్గించండి, గడ్డి తగ్గించొద్దు. 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి.

అపోహ: భయపడేవాళ్ళను గుర్రం కనిపెట్టి ఆడుకుంటుంది. కనిపెట్టే మాట నిజం. బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రాన్ని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి, అది ఎదుటి మనిషి తలలో, ఒంట్లో కనీకనబడని కదలికలు చూసి గిట్ట కొట్టడం ఆపుతోందని తేల్చాడు. అంత పట్టి చూసే జంతువు మన టెన్షన్ చూసి తనూ జాగ్రత్త పడుతుంది, ఇక్కడేదో ప్రమాదముందని. ఆడుకోదు. కాబట్టి భయమేస్తే సిగ్గుపడకండి. దిగండి, పక్కన నడవండి, ఊపిరి పూర్తిగా వదలండి.

కొండాపూర్ ఆయన గుర్రాన్ని ఆదివారం చూసొచ్చాను. జీను తీయించాను. మూపుకు రెండువైపులా రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి. జీను నెలల తరబడి ఒకేచోట నొక్కితే అలా తెల్లబడతాయి. అక్కడ వేలు ఆనించగానే వెన్ను కిందికి వంగింది. నాడాలు వేయించి పది వారాలు. ఆయన ఆ తెల్ల మచ్చల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆయనను ఏమనాలి? ఎవరో చెప్పింది నమ్మారు, అంతే.

పాపకు పన్నెండేళ్ళు. నన్ను పక్కకు పిలిచి, "కొట్టినందుకు దానికి నా మీద కోపముంటుందా ఆంటీ?" అని అడిగింది. కోపముండదమ్మా, కొన్నాళ్ళు భయముంటుంది, రోజూ జీను లేకుండా వెళ్ళి ఒళ్ళు దువ్వు అని చెప్పాను. దువ్వెన తీసుకుని అప్పుడే వెళ్ళింది. గుర్రం గోడవైపు తిరిగింది. పాప గడ్డివాము పక్కన కూర్చుంది. మేం బయల్దేరే వేళకు ఒక చెవి మాత్రం ఆమెవైపు తిప్పింది.

పళ్ళూ కడుపూ చూడటానికి డాక్టర్ బుధవారం వస్తున్నారు. అప్పటిదాకా జీను వేయొద్దన్నాను. డిసెంబరు పోటీల ఫారం వాళ్ళ ఫ్రిజ్ మీద ఇంకా అంటించే ఉందట. తీసేయమని నేను అనలేదు.