ఐర్లండ్ రైతుల పిచ్చాపాటీ: అపోహలు - వాస్తవాలు

మాది ప్రకాశం జిల్లాలో గేదెలున్న ఇల్లు. ఇప్పుడు కార్క్ కౌంటీ ఉత్తరాన ఒక పాడి రైతు దగ్గర పనిచేస్తున్నాను. పాలు తీయడం, దూడల్ని సాకడం, కంచెలు, ట్రాక్టరు, ఏది పడితే అది. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు శని, ఆదివారాల్లో ఇటు వచ్చి, పచ్చిక ముందు ఫోటోలు దిగి, "మీ రైతులు హాయిగా ఉన్నారండీ, ఎప్పుడు చూసినా గేటు మీద చేతులేసుకుని కబుర్లే" అంటారు. ఆ కబుర్లు రోజూ వినేది నేను. అందులో హాయి పాలు తక్కువ, లెక్కల పాలు ఎక్కువ.

అపోహ: వాతావరణం మాటలు మర్యాదకి. ఎలాగూ రోజూ వానే, గడ్డి దానంతటదే పెరుగుతుంది.

ఊళ్ళో మిగతా వాళ్ళకి అది మర్యాదేమో కానీ రైతుకి కాదు. ఈ దేశపు వ్యవసాయ భూమిలో నూటికి తొంభై పాళ్ళు గడ్డే. ఆవు తనంతట తను వెళ్ళి మేస్తే ఖర్చు తక్కువ, షెడ్డులో పెట్టి మేపితే ఖర్చు ఎక్కువ. ఐర్లండ్ పాడి మొత్తం ఈ ఒక్క లెక్క మీద నిలబడి ఉంది. అందుకే ఆవులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లోనే ఈనేలా చూసుకుంటారు. పాలు పొంగే వేళకి బయట గడ్డి కూడా పుంజుకోవాలి. నవంబరు వచ్చేసరికి గడ్డి ఎదుగుదల పడిపోతుంది, పశువులు షెడ్డెక్కుతాయి. వేసవిలో కోసి పాతరేసిన పచ్చగడ్డి, అంటే సైలేజీయే, ఇక దిక్కు.

వాన పడితే చాలదు, ఆగాలి కూడా. నేల నానితే ఆవు కాలు దిగబడి పచ్చిక బురదైపోతుంది, ట్రాక్టరు పొలంలో దిగలేదు. 2023 జులై నుంచి 2024 ఏప్రిల్ దాకా అదే ముసురు. పశువుల్ని బయటికి తోలే వీల్లేక, పాతర అడుగంటి, రైతులు ఒకరి దగ్గర ఒకరు సైలేజీ కట్టలు అడిగి తెచ్చుకున్నారు. 2018లో దానికి రివర్సు. మార్చిలో మంచు, జూన్, జులైల్లో ఎండ, గడ్డి ఎండుటాకు రంగుకి తిరిగింది. ఆ ఏడూ, 2013లోనూ పక్క దేశాల నుంచి ఓడల్లో మేత తెప్పించుకున్నారు. పచ్చదనానికి పేరు పడ్డ దేశం గడ్డి కొనుక్కుందన్నమాట!

కాబట్టి గేటు దగ్గర మే నెలాఖరున వినబడేది ఇలా ఉంటుంది:

"కోశావా?"

"ఎక్కడ, కింది చేను ఇంకా మెత్తగానే ఉంది."

"గురువారం నుంచి తెరిపిస్తుందంటున్నారు."

"కోత మిషను వాడు అందరికీ గురువారమే చెప్పాడు."

నాలుగు ముక్కలు, అంతే. పొలం పల్లమనీ, వాన ఆగేది మూడు రోజులేననీ, ఊరికంతటికీ కోత మిషన్లు ఒకటో రెండో ఉన్నాయనీ, చుట్టుపక్కల అందరూ ఒకేసారి ఎగబడతారనీ అందులోనే ఉంది. గడ్డి ముదిరితే సైలేజీలో సారం తగ్గి, చలికాలంలో దాణా సంచులు ఎక్కువ కొనాలి.

అపోహ: చనువుగా మాట్లాడతారు కాబట్టి ఏదైనా అడగొచ్చు.

"ఎన్ని ఎకరాలు? ఎన్ని పశువులు?" మన ఊళ్ళో కొత్త మనిషిని మొదట అడిగేవి ఇవే. ఇక్కడ అడిగితే బ్యాంకు పాసుబుక్కు చూపించమన్నట్టే. నవ్వుతూ మాట మారుస్తారు. కావాలంటే పక్క దారిన రావాలి. "ఈ ఏడు ఈతలు ఒత్తిడిగా ఉన్నాయా?" అంటే, "రాత్రికి ఏడెనిమిది" అని వస్తుంది. మిగతాది మనమే లెక్క కట్టుకోవాలి. పంట బాగున్నా, మునిగినా "ఎలా ఉన్నావు"కి జవాబు మాత్రం "పర్లేదు".

ఈ గుంభనం పశువుల సంతలో చూడాలి. గుండ్రటి బరిలోకి కోడెని వదులుతారు. పైన తెర మీద బరువు, జాతి, వయసు, టీబీ పరీక్ష తేదీ పడతాయి. వేలం వేసేవాడి నోరు ఊపిరి తీసుకోదు. కొనేవాడు మాత్రం రెయిలింగుకి ఆనుకుని ఎటో చూస్తుంటాడు. కనుబొమ్మ కదిలిందంటే యాభై యూరోలు పెరిగినట్టు. కోవిడ్ వచ్చాక చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్లోనే పాడుతున్నారు, సంత క్యాంటీనులో సందడి కొంత తగ్గింది. కానీ బేరం తెగాక అమ్మినవాడు కొన్నవాడి చేతిలో ఓ పది యూరోలో, ఇరవయ్యో పెట్టే 'లక్ మనీ' ఇంకా పోలేదు. అది మన కొసరు లాంటిది. ఎంత పెట్టాడన్నదాన్ని బట్టి మనిషి గురించి ఊళ్ళో ఏడాదంతా చెప్పుకుంటారు.

అపోహ: సాయంత్రమైతే అందరూ పబ్బులో ఉంటారు.

సినిమాల్లో. పల్లె పబ్బులు ఏటా మూతబడుతూనే ఉన్నాయి. తాగి బండి నడపడం మీద 2018లో చట్టం ఇంకా బిగిసింది. బస్సు లేని, టాక్సీ దొరకని ఊళ్ళో ఒంటరి ముసలాయన రెండు గ్లాసులు తాగి ఇంటికి ఎలా పోతాడు? పైగా తెల్లారి ఆరింటికి పాలు తీయాలి.

అసలు మాటలు జరిగేది కో-ఆప్ (రైతుల సహకార సంఘం) దుకాణం కౌంటరు దగ్గర, చర్చి బయట, హర్లింగ్ అనే ఇక్కడి కర్రాట మైదానం అంచున. టీగస్క్ అని వ్యవసాయ పరిశోధన, సలహా సంస్థ ఒకటుంది. దాని తరఫున నడిచే రైతు బృందాలు ఒక్కోసారి ఒక్కో సభ్యుడి పొలంలో కలుస్తాయి. ఎకరాలు అడగకూడని ఈ దేశంలోనే, ఆ బృందంలో మాత్రం లీటరుకి ఎంత ఖర్చయిందో కాగితం మీద పెట్టి చూపించుకుంటారు. నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన పాలకేంద్రాల దగ్గర కూడా ఎవరైనా మొదలుపెడితే బాగుండు.

అన్నిటికన్నా పెద్ద కూడలి మాత్రం చావు ఇల్లు. స్థానిక రేడియోలో రోజూ మరణ వార్తలు చదువుతారు, పాలషెడ్డులో ఆ కాసేపూ మాట్లాడకూడదు. 2005 నుంచి ఆర్ఐపీ.ఐఈ అని దీనికో వెబ్‌సైటే ఉంది. దూరపు పరిచయమైనా వెళ్ళి, వరసలో నిలబడి, ఇంటివాళ్ళందరి చేతులూ కలిపి రావాలి. ఆ వరస గంటా గంటన్నర సాగుతుంది. ముందు పోయినాయన మంచితనం, తర్వాత పొలం ఎవరికి రాశాడన్నది, ఆ తర్వాత కోడెల ధర.

అపోహ: యూరప్ రైతంటే డబ్బున్న రైతు.

ఏ రైతు? 2022లో పాడి రైతు సగటు ఆదాయం లక్షన్నర యూరోల దాకా వెళ్ళింది. మరుసటి ఏడు అది యాభై వేల చుట్టుపక్కలకి పడింది. పాల ధర లీటరుకి అరవై సెంట్ల దరి నుంచి ముప్ఫై అయిదు సెంట్ల దరికి జారడమే ముఖ్య కారణం. ఇక్కడా మన పాలకేంద్రంలోలాగే వెన్న చూసే డబ్బులిస్తారు. మనకి వెన్నతో పాటు ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థం), వీళ్ళకి వెన్నతో పాటు ప్రొటీన్. నీళ్ళ బరువుకి ఎదురు కోత కూడా ఉంటుంది.

పాడి వాళ్ళు తక్కువ, మాంసం కోసం పశువులు పెంచేవాళ్ళే ఎక్కువ. మొత్తం లక్షా ముప్ఫై అయిదు వేల పొలాల్లో సగానికి పైగా అవే. ఆవుల వెంట దూడల్ని వదిలి పెంచే చిన్న రైతుకి 2023లో సగటున పది వేల యూరోలు కూడా మిగల్లేదు. యూరోపియన్ యూనియన్ నుంచి వచ్చే చెక్కు తీసేస్తే నష్టమే. ఆయన పొద్దున పశువులకి మేతేసి బడి బస్సు నడపడానికో, ఫ్యాక్టరీకో వెళ్తాడు. 2025లో మాంసం ధర కిలో ఏడు యూరోలు దాటినప్పుడు మా చుట్టుపక్కల ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు. "ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అన్నారు.

గొర్రెల ఉన్ని సంగతి ఒక్క ముక్క: ఉన్ని అమ్మితే బొచ్చు కత్తిరించిన కూలి కూడా రాదు.

అపోహ: పల్లె రైతుకి ప్రపంచ రాజకీయాలతో పనేముంది?

పాల ఉత్పత్తుల్లో, మాంసంలో నూటికి తొంభై పాళ్ళు ఎగుమతే. ఐదో తరగతితో బడి మానేసిన పెద్దాయన కూడా న్యూజిలాండ్‌లో రెండు వారాలకోసారి జరిగే పాల ఉత్పత్తుల వేలంలో ధర ఎటు కదిలిందో చెబుతాడు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే ఎరువు బస్తా ధర చూసి గడ్డి లెక్కలు మార్చుకున్నారు. బ్రెజిల్, అర్జెంటీనా దేశాలతో కూడిన మెర్కోసుర్‌కీ యూరప్‌కీ 2024 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. తక్కువ సుంకంతో 99,000 టన్నుల గొడ్డు మాంసం యూరప్‌లోకి రావచ్చన్నారు. ఆ అంకె ఇక్కడ పిల్లలకి కూడా నోటికొచ్చు. వాళ్ళ కోపం ధర మీదే కాదు. "మాకు పశువు చెవి ట్యాగుకి, మందు సీసాకి, పుట్టుక తేదీకి కాగితం కావాలి. వాళ్ళకి అక్కర్లేదా?" అన్నది గట్టి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే అని నా ఉద్దేశం.

అపోహ: అభివృద్ధి చెందిన దేశం కదా, పశువులకి జబ్బులేం ఉంటాయి?

టీబీ ఉంది. 1954లో నిర్మూలన మొదలుపెట్టారు, ఇంకా నిర్మూలిస్తూనే ఉన్నారు. ఇక్కడ రైతు మాట సగంలో ఆపేసి నేల చూశాడంటే నూటికి తొంభైసార్లు పరీక్ష దగ్గరపడిందని అర్థం.

ఏటా ప్రతి మందకీ పరీక్ష తప్పదు. పశువుల డాక్టరు మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరించి, చర్మం మందం కొలిచి, పైన పక్షి టీబీ మందు, కింద పశువు టీబీ మందు ఎక్కిస్తాడు. డెబ్భై రెండు గంటల తర్వాత వచ్చి మళ్ళీ కొలుస్తాడు. కింది వాపు పైదానికంటే 4 మిల్లీమీటర్లు మించితే ఆ ఆవు పోయినట్టే, వధశాలకి పంపాలి. పరిహారం ఇస్తారు, ధర కట్టడానికి మనిషి వస్తాడు. కానీ మంద మొత్తానికి తాళం పడుతుంది. అరవై రోజుల ఎడంతో రెండు పరీక్షలు వరసగా శుభ్రంగా వచ్చేదాకా వధశాలకి తప్ప ఎక్కడికీ అమ్మే వీల్లేదు. ఫిబ్రవరిలో పుట్టి వారాల్లో అమ్ముడుపోవాల్సిన కోడెదూడలన్నీ షెడ్డులోనే పోగుపడతాయి. వాటికి పాలు, మందులు, గడ్డి పరుపు, మనుషులు. పరిహారం ముఖ్యంగా ఆవుకే, ఈ చాకిరీకి దక్కేది తక్కువ.

ఆ మూడు రోజులూ మా రైతు ఆవుల మెడల వైపు చూడడు. నాకు మాత్రం పాలు తీస్తున్నప్పుడు చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. బ్యాడ్జర్ అనే బొరియల జంతువు వల్ల కూడా జబ్బు తిరుగుతుందని వాటికి టీకాలు వేస్తున్నారు. అది చాలదని రైతులూ, పశువుల రాకపోకలే అసలు కారణమని ఇంకొందరూ. ఈ వాదం సంతలో మొదలైతే టీ చల్లారిపోతుంది.

అపోహ: పర్యావరణం మాటెత్తితే రైతులకి మంట.

మంట నిజమే, దేని మీదన్నదే తేడా. 1984 నుంచి పాలకి కోటా ఉండేది. 2015లో అది తీసేసి "పెంచండి" అన్నారు. అప్పులు చేసి షెడ్లు కట్టాక, నదుల్లో నైట్రేట్లు పెరిగాయని "తగ్గించండి" అంటున్నారు. యూరప్ మామూలు హద్దు హెక్టారుకి 170 కిలోల పశు నత్రజని. ఐర్లండ్‌కి ప్రత్యేక మినహాయింపుగా 250 ఉండేది, చాలా ప్రాంతాల్లో 2024 నుంచి 220కి దించారు. అంటే ఆవుల్ని తగ్గించాలి, లేదా కౌలుకి భూమి పట్టాలి.

కౌలు అనగానే మన కథే. పదకొండు నెలల కౌలు ఇక్కడా ఉంది. అమ్మకానికి వచ్చే భూమి ఏడాదికి ఒక శాతం కూడా ఉండదు. ఎకరం పన్నెండు, పద్నాలుగు వేల యూరోల మధ్య పలుకుతుందంటే మనవాళ్ళు "చవకే" అంటారు. డబ్బున్నా కొనడానికి పొలం దొరకాలి కదా. జమీందార్ల చేతుల్లోంచి భూమి లాక్కోవడానికి 1879 నుంచి ఉద్యమం చేసిన మనుషుల మునిమనవలు వీళ్ళు. అమ్మడమంటే పరువు పోయినట్టు.

నదులు పాడవుతున్న మాట కాదనలేం. ఆ సంగతి ఒప్పుకునే రైతులే ఎక్కువ. వాళ్ళు తిట్టేది క్యాలెండర్‌ని. స్లర్రీ, అంటే షెడ్ల కింద గోతుల్లో చేరిన పేడనీళ్ళు, అక్టోబరు 1 నుంచి జనవరి సగం దాకా, కొన్ని ఉత్తరపు కౌంటీల్లో నెలాఖరు దాకా చల్లకూడదు. డిసెంబరులో నేల ఆరి ఉన్నా నిషేధమే, జనవరిలో గడువు తీరిన రోజు జోరువానైతే అప్పుడూ చల్లకూడదు.

అపోహ: అన్నీ మిషన్లే చేస్తాయి, ఇక్కడ పొలం పని సుఖం.

ఈతల కాలంలో నేను పడుకునేది ముక్కలు ముక్కలుగా. మిషను పాలు తీస్తుంది కానీ అడ్డం తిరిగిన దూడని లాగదు. ప్రమాదాలు కూడా తక్కువేం కాదు, దేశంలో పని చేస్తూ చనిపోయేవాళ్ళలో ఏటా రైతుల వాటా చాలా పెద్దది. ట్రాక్టర్లు, దూడని కాచుకునే తల్లి ఆవులు, స్లర్రీ గొయ్యి. గొయ్యి కలిపేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఒక్కసారిగా లేస్తుంది. ఎక్కువ మోతాదులో వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. అందుకే పశువుల్ని బయటికి తోలి, తలుపులన్నీ తెరిచి, గాలి వీచే రోజే మొదలుపెట్టి, కనీసం తొలి అరగంట ఎవరూ షెడ్డులో ఉండకూడదు. పడిపోయినవాణ్ణి తీద్దామని దిగినవాళ్ళూ పోయారు. ఇలాంటి పని ఒక్కడే మొదలుపెట్టబోతే పక్క రైతు తన పని ఆపేసి వచ్చి నిలబడతాడు.

అపోహ: పాలు తీయడం వస్తే వీసా వచ్చినట్టే.

రోజూ అడిగేది ఇదే కాబట్టి చివరికి పెట్టాను. పాడి సహాయకులకి వర్క్ పర్మిట్లు 2018 నుంచి ఇస్తున్నారు, కానీ లెక్కపెట్టి. మొదట యాభై, తర్వాత ఇంకో వంద. ముందు ఒక రైతు ఉద్యోగం ఇవ్వాలి, ఖాళీ ఉండాలి, ఆ తర్వాతే దరఖాస్తు. ఒంగోలులో కూర్చుని "కోటా మా చేతిలో ఉంది" అని లక్షలు అడిగేవాడి చేతిలో ఏమీ లేదు. వచ్చాక డ్రైవింగ్ రాకపోతే కాళ్ళు కట్టేసినట్టే, దగ్గరి దుకాణం కూడా మైళ్ళ దూరం. పని అడుగుతూ రైతులకి ఉత్తరాలు పెట్టాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెట్టండి. ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తరం చదివే తీరిక ఇక్కడ ఎవరికీ ఉండదు.