గురుకులం సీటుకు ఎమ్మెల్యే ఫోన్ పనిచేస్తుందా? బడి అడ్మిషన్లలో అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో ఏటా జూన్‌లో బడిబాట పేరుతో సర్కారు బడి టీచర్లం మేం ఇంటింటికీ తిరుగుతాం. పిల్లల్ని సర్కారు బడికి పంపండి అని మేం అడుగుతుంటే, వాళ్ళు తిరిగి మమ్మల్ని అడుగుతారు: "సారూ, అదంతా సరే, గురుకులంల సీటు ఇప్పియ్యరాదుండ్రి." ఊరి బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. పది కిలోమీటర్ల అవతల గురుకులం గేటు ముందు తల్లిదండ్రులు ఎండలో నిలబడి ఉంటారు. టీచరుగా పాలమూరులో (పాత మహబూబ్‌నగర్ జిల్లా), హెడ్మాస్టరు (హెచ్‌ఎం)గా నల్లగొండ వైపు పనిచేసిన నాకు రెండు చోట్లా ఇదే కనిపించింది. సీటు అనేది ఎవరో ఒకరు "ఇప్పిస్తేనే" వస్తుందన్న నమ్మకం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఇంగ్లండులో ఉంటున్న మా మేనల్లుడు అక్కడి పద్ధతి చెప్పాడు. తల్లిదండ్రులు తమకు నచ్చిన బడుల పేర్లు వరసగా రాసిస్తే, స్థానిక కౌన్సిలే పిల్లవాడికి బడి కేటాయిస్తుందట. హైస్కూలు ఆఫర్లు మార్చి 1న, ప్రైమరీ ఆఫర్లు ఏప్రిల్ 16న వస్తాయట. మన దగ్గర అన్ని బడులకూ కలిపి అలా పంచే ఆఫీసు ఒక్కటి లేదు. ఊరి బడికి ఒక నియమం, గురుకులానికి ఒకటి, కేంద్రం నడిపే నవోదయకు ఇంకొకటి, ఆడపిల్లల కస్తూర్బాకు మరొకటి. ఏది ఎక్కడ వర్తిస్తుందో తెలియని చోటే పైరవీకారులు దుకాణం తెరుస్తారు.

అపోహ: ఎమ్మెల్యే లెటర్ గానీ, తెలిసినవాళ్ళ ఫోన్ గానీ ఉంటే గురుకులం అయిదో తరగతిలో సీటు ఖాయం.

వాస్తవం: సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, మహాత్మా జ్యోతిబా పూలే బీసీ సంక్షేమ, జనరల్ గురుకులాలు నాలుగూ కలిసి అయిదో తరగతికి ఒకే ప్రవేశ పరీక్ష పెడతాయి. 2024లో ఫిబ్రవరి 11న, 2025లో ఫిబ్రవరి 23న జరిగింది. మైనారిటీ గురుకులాల అడ్మిషన్లు వేరు. పేపరు వంద మార్కులకు: తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయివే. కుటుంబ ఆదాయం పల్లెలో ఏటా లక్షా 50 వేలు, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. ఆ తర్వాత మార్కులు, రిజర్వేషన్, జిల్లా, కోరుకున్న బడులు చూసి కంప్యూటర్ జాబితా తీస్తుంది. ప్రిన్సిపల్ చేతికి వచ్చేది తయారైన జాబితా. ఆయన దగ్గరికి లెటర్ పట్టుకెళ్తే టీ ఇస్తాడేమో గానీ సీటు ఇవ్వలేడు.

మరి పైరవీతో సీటు వచ్చిందని ఊళ్ళో నలుగురు ఎందుకు చెబుతారు? దాని వెనక ఉన్న లెక్క చాలా సులువు. మధ్యవర్తి పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు. అందులో ముగ్గురు పిల్లలకు సొంత మార్కులతోనే సీటు వస్తుంది. ఆ ముగ్గురి డబ్బు తన దగ్గర ఉంచుకొని మిగతా ఏడుగురికీ తిరిగి ఇచ్చేస్తాడు. "పని కాకుంటే పైసలు వాపస్ ఇచ్చిండు, మంచోడు" అని పేరు కూడా వస్తుంది. వచ్చే ఏడు ఇరవైమంది వస్తారు. ఆయన చేసిన పని ఏమిటంటే జాబితా కోసం ఎదురుచూడటం.

పైరవీ మీద నమ్మకం పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. "మా పిల్లకు 62 వచ్చినా సీటు రాలేదు, ఫలానావాళ్ళ పిల్లకు 55కే వచ్చింది, లోపల ఏదో జరిగింది" అంటారు. జరిగింది ఏమీ లేదు. అందరికీ కలిపి ఒకే మెరిట్ లిస్టు ఉండదు. ఆడపిల్లల గురుకులాల సీట్లు వేరు, మగపిల్లలవి వేరు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎక్కువ సీట్లు ఎస్సీ పిల్లలవి, మిగతా వర్గాలకు కొన్నే. గిరిజన గురుకులాల్లో ఎస్టీలకు, బీసీ గురుకులాల్లో బీసీలకు అలాగే ఉంటుంది. అందుకే ఒకే మార్కులతో ఒక సొసైటీలో (గురుకులాలను నడిపే సంస్థలో) సీటు వచ్చే పిల్లకు ఇంకో సొసైటీలో రాకపోవచ్చు.

దీని మీద జిల్లా లెక్క ఒకటి. ఈ సీట్లకు పాత పది జిల్లాలే యూనిట్. 2016 తర్వాత జిల్లాలు విడిపోయినా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట పిల్లలు పాత మహబూబ్‌నగర్ లెక్కలోనే ఉంటారు. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పాత నల్లగొండలో. డిండి వాగుకు ఇటు దేవరకొండ వైపు తండా, అటు అచ్చంపేట వైపు తండా. పిల్లలు ఒకే సంతకు పోతారు, ఒకే పెళ్ళిలో భోంచేస్తారు. పరీక్షలో మాత్రం ఇద్దరివీ వేరు వేరు జాబితాలు. ఇవతల 58కి ఆగిన సీటు అవతల 52 దాకా దిగితే, వాగు దాటి వచ్చిన ఆ వార్త ఊళ్ళో కుంభకోణంలా వినిపిస్తుంది.

గురుకులాల మీద ఇక్కడివాళ్ళకు ఇంత మోజు ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల పాత నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో, పీవీ నరసింహారావు చొరవతో 1971లో మొదలైంది. అక్కడ చదివి పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ పేర్లు ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు చెబుతారు.

అపోహ: నవోదయ కావాలంటే నాలుగు, అయిదు తరగతులకే పిల్లవాణ్ణి టౌన్‌లో కోచింగ్‌కు, అక్కడి బడికి మార్చాలి.

వాస్తవం: పిల్లవాడి అవకాశాన్ని చేతులారా తగ్గించుకునే పని ఇది. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. పల్లె పిల్లవాడు అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బడిలోనే పూర్తిగా చదవాలి. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు పట్టణంలోని బడిలో చదివినట్టు రికార్డులో ఉన్నా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో మంచి కోచింగ్ ఉందని పిల్లవాడి పేరు అక్కడి బడికి మార్పించిన తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. కోచింగ్ సెంటర్‌వాళ్ళు అసలే చెప్పరు. సెలవుల్లో, ఆదివారాల్లో వెళ్ళి నేర్చుకుంటే ఇబ్బంది లేదు. పేరు మాత్రం ఊరి బడి రిజిస్టరులోనే ఉండాలి.

"ఇంగ్లీష్ మీడియం పిల్లలకే వస్తది" అనేది దీనికి తోకలాంటి అపోహ. పరీక్ష తెలుగులో రాయొచ్చు. 80 ప్రశ్నలు, వంద మార్కులు, అందులో సగం మార్కులు బొమ్మలతో ఉండే మానసిక సామర్థ్య ప్రశ్నలకే. దానికి భాషతో పనే తక్కువ. అయితే ఆరో తరగతి ప్రవేశానికి ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. "ఈసారి ఊరికే రాయిద్దాం, వచ్చేసారి చూద్దాం" అనే వీల్లేదు. అయిదో తరగతి చదువుతున్నదీ, నివాసం ఉంటున్నదీ ఆ నవోదయ ఉన్న జిల్లాలోనే అయి ఉండాలి. పాత నల్లగొండకు చలకుర్తి, పాత మహబూబ్‌నగర్‌కు వట్టెం నవోదయలు ఉన్నాయి. 2024 డిసెంబరులో కేంద్రం మంజూరు చేసిన కొత్తవాటిలో మహబూబ్‌నగర్, సూర్యాపేట కూడా ఉన్నాయి. కాబట్టి మీ మండలం ఏ నవోదయ కిందికి వస్తుందో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి, అన్న చదివిన ఏడాది సంగతి ఇప్పుడు పనికిరాదు.

అపోహ: తేదీ దాటింది, టీసీ (బదిలీ సర్టిఫికెట్) లేదు, ఆధార్ లేదు. ఇక సర్కారు బడిలో చేర్చుకోరు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇది. నష్టపోయేది తమ తరఫున తాము మాట్లాడుకోలేని పిల్లలు కాబట్టి.

పాలమూరులో దసరా తర్వాత ఊళ్ళు పలచబడతాయి. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పనులకు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్‌కు కుటుంబాలు కదులుతాయి. కొందరు పిల్లలు ముసలివాళ్ళ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఆగుతారు. మిగతావాళ్ళు తల్లిదండ్రుల వెంటే పోతారు. ఎండాకాలంలో తిరిగి వచ్చాక "మధ్యలో బడి మానేసిండు కద సారూ, ఇప్పుడు ఏ క్లాసుల కూసుంటడు" అని తల్లి జంకుతూ గుమ్మం దగ్గరే నిలబడుతుంది.

విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ) 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు ఏ నెలలో వచ్చినా చేర్చుకోవాల్సిందే, తేదీ దాటిందన్న కారణంతో కాదనకూడదు. వయసు సర్టిఫికెట్ లేదని తిప్పి పంపకూడదు. ఎంత చదివాడన్నది పక్కనపెట్టి వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి. వెనకబడింది నేర్పడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వడం బడి బాధ్యత. పదకొండేళ్ళ పిల్లవాణ్ణి రెండో తరగతిలో కూర్చోబెడితే వాడు వారంలో మాయమవుతాడు, చట్టం రాసినవాళ్ళకు ఆ సంగతి బాగానే తెలుసు. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులోనే బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని చెప్పింది.

టీసీ గురించి వేరుగా చెప్పాలి. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపుతుంది, తల్లిదండ్రులు అప్పు చేసి కట్టడానికి పరుగెత్తుతారు. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాడిని సర్కారు బడిలో చేర్చడానికి టీసీ ఆలస్యం అడ్డంకి కాదు, చట్టంలోనే ఆ మాట ఉంది. ముందు చేర్పించండి. పాత బడివాళ్ళు ఆన్‌లైన్‌లో పిల్లవాడి పేరు వదలకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు రాసి తెప్పించుకోవడం మా పని, మీ పని కాదు. ఏ హెచ్‌ఎం అయినా "టీసీ లేకుండా కుదరదు" అంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. సాధారణంగా రాయరు, చేర్చుకుంటారు. పదో తరగతి మాత్రం వేరు. బోర్డు పరీక్ష పేర్ల నమోదుకు గడువుంటుంది, ఆలస్యం చేయొద్దు.

పక్క ఊరి పిల్లల్ని చేర్చుకోరన్న మాటలోనూ నిజం లేదు. కిలోమీటరు లోపు ప్రైమరీ, మూడు కిలోమీటర్ల లోపు అప్పర్ ప్రైమరీ ఉండాలన్న దూరం నియమం బడి పెట్టాల్సిన ప్రభుత్వానికి, పిల్లవాడిని ఆపడానికి కాదు.

అపోహ: పేదవాళ్ళకు ప్రైవేటు స్కూళ్ళలో నాలుగో వంతు సీట్లు ఉచితం, అప్లై చేస్తే చాలు.

వాస్తవం: విద్యాహక్కు చట్టంలో ఉంది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, పేద కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. సుప్రీంకోర్టు 2012లో ఇది చెల్లుతుందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో అమలు మొదలైంది. తెలంగాణలో ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయి, సంగతి హైకోర్టు దాకా వెళ్ళింది. యూట్యూబ్‌లో చూపించే వీడియోలు చాలావరకు పక్క రాష్ట్రాలవి. ప్రభుత్వ విద్యాశాఖ ప్రకటన, దరఖాస్తు తేదీలు మీ కళ్ళతో చూడకుండా "ఆర్‌టీఈ సీటు" పేరుతో ఎవరికీ రూపాయి ఇవ్వకండి. ఈ విషయంలో ప్రభుత్వాలు మారినా నిర్లక్ష్యం మారలేదని నా అభిప్రాయం.

అపోహ: కస్తూర్బా అనాథ పిల్లలకే. లేదంటే దానికీ పరీక్ష రాయాలి.

వాస్తవం: రెండూ కావు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో (కేజీబీవీ) ఆరో తరగతికి పరీక్ష లేదు. తల్లీతండ్రీ లేనివారికి, ఒక్కరే ఉన్నవారికి, బడి మానేసినవారికి ముందు చోటిస్తారు. ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల ఆడపిల్లలు. వలసపోయే ఇంట్లో ఆడపిల్ల ఉంటే నేను మొదట చెప్పేది ఈ బడి పేరే. మోడల్ స్కూలు దీనికి భిన్నం, అక్కడ ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది.

అపోహ: మొదటి లిస్టులో పేరు లేకపోతే అయిపోయినట్టే, పేరుంటే సీటు మనదే.

వాస్తవం: పేరు వచ్చినా చెప్పిన తేదీలోపు అసలు సర్టిఫికెట్లతో వెళ్ళి చేరకపోతే ఆ సీటు తర్వాతి పిల్లకు పోతుంది. తర్వాతి లిస్టులు నిండేది అలా వదిలేసిన సీట్లతోనే. నేను చూసినంతలో పైరవీ లేక పోయిన సీట్లకన్నా కాగితాలు లేక పోయినవి ఎక్కువ. కులం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బడి రిజిస్టరులో పుట్టిన తేదీ మరోలా ఉంటుంది. సరిగ్గా ఆ వారమే తహసీల్దార్ ఆఫీసు కిటకిటలాడుతుంటుంది. ఇంట్లో నాలుగో తరగతి పిల్ల ఉంటే దసరా సెలవుల్లోనే మీసేవకు వెళ్ళి కులం, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టండి. బడికి వచ్చి రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చూపించమని అడగండి, చూపిస్తారు. తేడా ఉంటే ఆధార్‌ను ముందు సరిచేయించి, తర్వాతే గురుకులం దరఖాస్తు నింపండి.