"అన్ని పనులూ వచ్చు" అంటే ఉద్యోగం వస్తుందా? బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఆఫీసు బిల్డింగుల మెయింటెనెన్స్ చూస్తాను. టెక్నీషియన్లను ఇంటర్వ్యూ చేసేది కూడా నేనే. ఏ బయోడేటా తీసినా ఒకటే వరస: ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ, డీజీ (డీజిల్ జనరేటర్), కార్పెంటరీ, పెయింటింగ్, సీసీటీవీ. కింద "ఆల్ వర్క్స్". ఏ పనికి వచ్చావు తమ్ముడూ అని అడిగితే "ఏదైనా చేస్తా సార్" అంటాడు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చాలామంది విషయంలో చూశాను.

అపోహ: ఎన్ని పనులు వచ్చని చెబితే అన్ని అవకాశాలు.

ఈ రంగంలో పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్నది ఇదే. ఖాళీ వచ్చేది ఒక పేరు మీద: ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ టెక్నీషియన్. క్లయింటు కాంట్రాక్టరుకు బిల్లు కట్టేదీ ఆ పేరు మీదే. కనీస వేతనాలు కూడా అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని తరగతుల వారీగానే ఉంటాయి. "ఏదైనా చేస్తా" అన్న మనిషి ఏ ఒక్క ట్రేడులోనూ (వృత్తిలోనూ) గట్టిగా నిలబడకపోతే కాంట్రాక్టరు అతన్ని హెల్పర్‌గా రాసుకుంటాడు. పని మాత్రం మూడు ట్రేడులదీ చేయించుకుంటాడు. ఏళ్లు గడుస్తాయి, అపాయింట్‌మెంట్ లెటర్ మీద హోదా మారదు. తర్వాతి కంపెనీ ఆ పాత జీతం చూసి దాని మీద ఇంత కలిపి ఇస్తుంది.

మరి మిగతా పనులు దాచుకోవాలా? అక్కర్లేదు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియాలి.

మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్. సెలవుల్లో మేనమామ వెంట ప్లంబింగ్ పనులకు వెళ్లేవాడు. ఒక బిల్డింగులో ఫైర్ పంప్ రూములో జాకీ పంపు (మంటలార్పే పైపుల్లో ప్రెషర్ తగ్గినప్పుడు నింపే చిన్న పంపు) నిమిషాల తేడాతో ఆన్ అవుతూ ఆగుతూ ఉంది. అంతకుముందు వచ్చినవాళ్లు ప్రెషర్ స్విచ్ మార్చారు, ప్యానెల్లో కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) మార్చారు. ఫలితం లేదు. ఇతను పంపు ఆగాక దాని డెలివరీ వాల్వు మూసి, హెడర్ (పంపుల నీళ్లు కలిసే పెద్ద పైపు) మీది ప్రెషర్ గేజ్ ముందు నిలబడ్డాడు. ముల్లు కదలలేదు. అంటే లైన్లో లీకు లేదు. నీళ్లు పంపు ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు) దాటి వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. ఎన్‌ఆర్‌వీ మార్చాక పంపు కుదుటపడింది. ప్లంబింగ్ తెలియని ఎలక్ట్రీషియన్ ఇంకో స్విచ్ మార్చి వెళ్లేవాడు. కరెంటు తెలియని ప్లంబరు ఆ ప్యానెల్ దగ్గరికే వెళ్లేవాడు కాదు.

అతని బయోడేటాలో పైన ఒకే మాట ఉంటుంది: ఎలక్ట్రీషియన్. కింద ఇలాంటి ఫాల్టులు నాలుగు, ఒక్కొక్కటి రెండు లైన్లలో. అతన్ని షిఫ్ట్ ఇన్‌చార్జ్ చేసినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు.

కాబట్టి పైన పెట్టిన ట్రేడులో తడబడకూడదు. స్టార్-డెల్టా స్టార్టర్ (పెద్ద మోటారును తక్కువ కరెంటుతో స్టార్ట్ చేసే ఏర్పాటు) కంట్రోల్ వైరింగ్ గీయమంటే గీయాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎందుకు పెడతారో చెప్పగలగాలి. మిగతావి దాన్ని ఆనుకుని ఉన్నవే చెప్పండి. ఎలక్ట్రీషియన్‌కు ఏసీ తెలిస్తే నాకు నిజంగా లాభం: కంప్రెసర్ మూలుగుతూ తిరగకపోతే "గ్యాస్ అయిపోయింది" అనకుండా ముందు కెపాసిటర్ చూస్తాడు. పెయింటింగ్ తీసేయండి.

అపోహ: ఐటీఐ లేకపోతే చేతిలో పని ఉన్నా విలువ లేదు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. దానికి సాటి వచ్చే షార్ట్‌కట్ లేదు. అయితే పనిలోనే నేర్చుకున్నవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. అది ఐటీఐతో సమానం కాదు, కానీ మీ ట్రేడు పేరు మొదటిసారి ఒక కాగితం మీదికి వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే "పది సర్టిఫికెట్లుంటే జీతం డబుల్" లాంటివి దయచేసి నమ్మకండి, ఇంకొకరికి పంపకండి.

అపోహ: అన్నీ తెలిసినవాడు ఏ ప్యానెలైనా ముట్టుకోవచ్చు.

ముట్టుకోకూడదు. వైర్‌మన్ పర్మిట్ (కరెంటు పనికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుండా, వర్క్ పర్మిట్ (ఆ ఒక్క పనికి రాతలో ఇచ్చే అనుమతి) రాయకుండా, ఆపేసిన స్విచ్‌కు లాక్ వేసి ట్యాగ్ కట్టకుండా "నీకు తెలుసు కదా, చూసి రా" అని ఎవరు పంపినా వెళ్లకండి. 11 కేవీ (11,000 వోల్టుల) వైపు అసలే వద్దు. కాదన్నందుకు ఉద్యోగం పోతుందని భయపడతారు, ఆ భయం నాకు తెలుసు. అయినా వెళ్లకండి.

అపోహ: గల్ఫ్‌లో "ఆల్‌రౌండర్"కి గిరాకీ.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తుంది. వీసా మీద ఉండేది ఒకే వృత్తి పేరు. ట్రేడ్ టెస్టు దానికే. సౌదీ పెట్టే స్కిల్ టెస్టు కూడా ట్రేడు వారీగానే. వీసా మీద ఒకటి, చేసే పని ఇంకొకటి అయితే అక్కడ ఇరుక్కునేది మీరే. రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. డబ్బు కట్టేముందు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి.

ఇక నలభై దాటినవాళ్లు. "ఇన్నేళ్లు అన్నీ చేశాను, ఇప్పుడు ఏ ట్రేడని చెప్పాలి సార్?" అని మెల్లగా అడుగుతారు. అన్నా, కంగారు పడకండి. ఒక నోటుబుక్కు తీసుకుని మీరు సరిచేసిన ఫాల్టులు గుర్తొచ్చినంతవరకు రాయండి: ఏం పాడైంది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు. కంప్లయింట్ రిజిస్టర్లు తిరగేసే వీలుంటే ఇంకా మంచిది. రెండు మూడు పేజీలయ్యాక ఏ ట్రేడు ఎక్కువసార్లు వచ్చిందో అదే బయోడేటా పైన రాయండి. ఇంటర్వ్యూకి ఆ నోటుబుక్కు కూడా తెచ్చుకోండి. నేనైతే బయోడేటా కంటే ముందు అదే చదువుతాను.